పేటెంట్ క్లెయిమ్ చదివిపెట్టే సర్వీస్: ఇచ్చిన డబ్బుకు తగ్గదేనా?

ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. ఎందుకో చెప్పేముందు మా పని ఏమిటో చెప్పాలి. లేకపోతే ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో బ్యాటరీలు కట్టుకునేవాళ్ళకు పేటెంట్ ఏజెంట్లతో పనేమిటని మీరే అడుగుతారు.

పాతపట్నం వెళ్ళే రోడ్డు పక్కన మా అన్నయ్యకు ఒక షెడ్డు ఉంది. ఈ-రిక్షాలకు, సోలార్ ఇన్వర్టర్లకు లిథియం ప్యాకులు కడతాడు. అవి ఇటు కాశీనగర్, గుణుపురం వెళ్తాయి, అటు టెక్కలి, పలాస వెళ్తాయి. ప్యాకు కట్టేముందు లెక్క వేసేది నేను. ఏ సెల్ తీసుకోవాలి, ఎన్ని సిరీస్‌లో, ఎన్ని ప్యారలల్‌లో, సెల్‌లను కలిపే లోహపు పట్టీ (బస్‌బార్) ఎంత మందం, సెల్‌కీ సెల్‌కీ మధ్య ఎంత సందు, మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద ఛార్జింగ్ పెడితే ఎంత వేడెక్కుతుంది, ఇవన్నీ. మొదట ఎక్సెల్ షీట్‌లో చేసేదాన్ని. తర్వాత పైథాన్‌లో ప్రోగ్రామ్ రాసుకున్నాను. బండి బరువు, రోజుకు తిరిగే దూరం ఇస్తే ప్యాకు డిజైన్ మొత్తం గీసి ఇస్తుంది.

విశాఖలో ఒక బ్యాటరీ కంపెనీ వాళ్ళకు ఈ ప్రోగ్రామ్ నచ్చింది. లైసెన్సు తీసుకుని వాళ్ళ డీలర్లందరికీ ఇస్తామన్నారు. రేటు కూడా కుదిరింది. అప్పుడు వాళ్ళ లాయరు ఒక మెయిల్ పెట్టాడు. బ్యాటరీ డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద అమెరికాలో ఒక పేటెంట్ ఉంది, అదే ఆవిష్కరణ మీద మన దేశంలో ఒక దరఖాస్తు కూడా ఉంది, మీ ప్రోగ్రామ్ ఆ క్లెయిముల కిందికి వస్తుందో రాదో రాయించి తెమ్మన్నాడు. పేటెంట్ నంబరు ఇక్కడ రాయను, మా ఒప్పందంలో ఆ షరతు ఉంది.

అలా వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకున్నది ఈ సర్వీసు. ఒక పెద్ద నగరంలోని పేటెంట్ ఏజెంట్ల సంస్థ. దాని పేరూ రాయను. ఫిర్యాదులు కూడా రాయబోతున్నాను కాబట్టి, వాళ్ళు జవాబు చెప్పుకోలేని చోట పేరు పెట్టడం నాకు బాగనిపించలేదు. ఇలాంటి సర్వీసు అమ్మే సంస్థలు చాలా ఉన్నాయి. కొనేవాళ్ళు ఏం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

వాళ్ళు అమ్మేదాన్ని 'క్లెయిమ్ పదాల నివేదిక' అంటారు. పేటెంట్ చివర నంబర్లు వేసి ఉండే వాక్యాలే క్లెయిములు. హక్కు ఎంతవరకో చెప్పేవి అవే. మన పేటెంట్ చట్టం, 1970లో సెక్షన్ 10 కూడా అదే అంటుంది: స్పెసిఫికేషన్ (ఆవిష్కరణను వివరించే పత్రం) చివర క్లెయిములు ఉండాలి, రక్షణ హద్దును అవి చెప్పాలి. ఈ సంస్థ ఒక్కో క్లెయిమ్‌ని ముక్కలు చేసి, తగాదా రాగల ప్రతి మాటకు అర్థం రాసి, ఆ అర్థం ఎక్కడినుంచి వచ్చిందో చూపించి, చివరి గడిలో మన ప్రోగ్రామ్‌లో ఆ అంశం ఉందో లేదో రాస్తుంది. నలభై అయిదు వేలు, పైన 18 శాతం జీఎస్టీ. మా షెడ్డుకు ఇది చిన్న మొత్తం కాదు.

మొదటి వీడియో కాల్‌లో మాట్లాడినావిడ కెమికల్ ఇంజినీర్, తర్వాత పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసయ్యారట. తెలుగు వచ్చు. "మేడమ్, ఆ ఒకటో క్లెయిమ్ ఒకసారి చదువుతారా?" అని నేను మొదలుపెడితే, "క్లెయిమ్ తర్వాత చూద్దాం మేడమ్. ముందు వివరణ భాగం మొత్తం చదవాలి, మీరు కూడా చదవండి" అన్నారు. అది ఆవిడ సొంత పద్ధతేమో అనుకున్నాను. కాదు. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతే అది. ఆ తీర్పు 1978 డిసెంబరులో వచ్చింది, రిపోర్టుల్లో 1982 అని కనిపిస్తుంది. తగాదా దేనిమీద అంటే, లోహపు గిన్నెలను లేత్ మీద పట్టి ఉంచే సాధనం మీద. క్లెయిములు ముందు చదివి తర్వాత వివరణకు వెళ్ళడం సరైన దారి కాదని, ముందు వివరణ చదివి, దేనిమీద హక్కు అడగబోతున్నారో మనసును సిద్ధం చేసుకోవాలని ఆ తీర్పులో ఉంది. గిన్నెల లేత్ కేసు బ్యాటరీ సాఫ్ట్‌వేర్‌కి దారి చూపించడం నాకు భలే నచ్చింది.

అమెరికాలో దీనికి జతగా చెప్పే కేసు ఫిలిప్స్. 2005లో అక్కడ పేటెంట్ అప్పీళ్ళు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు జడ్జీలంతా కలిసి కూర్చుని ఇచ్చిన తీర్పు. జైళ్ళలో వాడే ఉక్కు గోడ పలకల పేటెంట్ అది. లోపల పెట్టే 'బాఫుల్స్' అనే అడ్డుపట్టీలు తప్పకుండా వాలుగానే ఉండాలా, గోడకు సరిగ్గా లంబంగా ఉన్నా ఆ మాట కిందికి వస్తాయా అన్నది తగాదా. తూటాను పక్కకు మళ్ళించడం ఆ పట్టీల పనుల్లో ఒకటి, అదొక్కటే పని కాదు, కాబట్టి వాలు తప్పనిసరి కాదని కోర్టు అంది. ఆ తీర్పు నుంచి గుర్తుపెట్టుకోవలసింది ఇంతే: ఆ రంగంలో పనిచేసే మామూలు నిపుణుడు పేటెంట్ మొత్తం చదివాక ఆ మాటను ఎలా అర్థం చేసుకుంటాడో అదే అర్థం. నిఘంటువు స్థానం ఆ తర్వాతే. యూరప్ పేటెంట్ ఆఫీసులో అప్పీళ్ళు వినే పెద్ద బోర్డు కూడా 2025 జూన్‌లో ఇలాంటి మాటే చెప్పింది. క్లెయిమ్ స్పష్టంగా ఉన్నట్టు కనిపించినా సరే, వివరణనూ బొమ్మలనూ ఎప్పుడూ చూడాలని.

నేను నాలుగు మార్కులు వేసింది ముఖ్యంగా ఇందుకే. నివేదికలో ప్రతి అర్థం పక్కనా పేరా నంబరు ఉంది. 'మాకు ఇలా అనిపిస్తోంది' అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఏ పేరాలో, ఏ బొమ్మలో, పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్‌కి రాసిన ఏ జవాబులో ఆ అర్థం ఉందో చూపించారు. నేను తెరిచి సరిచూసుకోగలిగాను. విశాఖ లాయరూ సరిచూసుకున్నాడు.

ఇక అసలు మాటల దగ్గరికి వస్తాను.

మా కేసులో పెద్ద తగాదా 'సిమ్యులేట్' అన్న మాట మీద. క్లెయిమ్‌లో 'ప్రతి సెల్ ఉష్ణోగ్రతనూ సిమ్యులేట్ చేయడం' అని ఒక అంశం ఉంది. బ్యాటరీ వాళ్ళు సిమ్యులేషన్ అంటే మామూలుగా సమీకరణాలు పరిష్కరించడమే అనుకుంటారు. డోయల్, ఫుల్లర్, న్యూమన్ 1993లో ఇచ్చిన ఎలక్ట్రోకెమికల్ మోడల్ గానీ, దాన్ని తేలిక చేసిన సింగిల్ పార్టికల్ మోడల్ గానీ, రెసిస్టర్లు కెపాసిటర్లతో గీసే సర్క్యూట్ మోడల్ గానీ తీసుకుని, సెకను సెకనుకూ కంప్యూటర్‌తో లెక్క కట్టించడం. పైబామ్ లాంటి ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు ఆ పని ఉచితంగానే చేస్తాయి. నా ప్రోగ్రామ్ అదేమీ చేయదు. సెల్ కంపెనీ ఇచ్చిన డేటాషీట్లు, మా షెడ్డులో మేం చేసిన ఛార్జ్-డిశ్చార్జ్ టెస్టులు కలిపి ఒక టేబుల్ తయారుచేశాను. ఇంత కరెంటు లాగితే, బయట ఇంత వేడి ఉంటే, సెల్ ఇంత వేడెక్కుతుంది. ప్రోగ్రామ్ ఆ టేబుల్‌లో చూసి చెబుతుంది, అంతే.

అన్నయ్యకు మొదటినుంచీ ఇదే ధైర్యం. "మనం సిమ్యులేట్ చేస్తేనే కదా, టేబుల్ చూసుకుంటున్నాం" అనేవాడు. నివేదిక ఆ ధైర్యాన్ని తీసేసింది. వివరణ భాగంలో, బొమ్మలన్నీ అయిపోయాక, ఎవరూ ఓపిగ్గా చదవని చోట ఒక వాక్యం ఉంది: కొన్ని రూపాల్లో ఉష్ణోగ్రత విలువలను ముందే లెక్కించి ఉంచిన పట్టిక నుంచి తీసుకోవచ్చు. పేటెంట్ రాసినవాళ్ళే తమ 'సిమ్యులేట్'లో పట్టికను కూడా కలుపుకున్నారు. కోర్టులో ఎవరు చదివినా ఆ వాక్యాన్ని చూపిస్తారు. "ఏటే, టేబుల్ చూసుకోడం కూడా నేరమేనా?" అని అన్నయ్య గోల. నేరం కాదు గానీ, ఆ మాట చాటున మేం దాక్కోలేం.

తర్వాత ఆవిడ పట్టుకున్నది 'ప్రతి సెల్' అన్న మాట. ఇక్కడ మా పరిస్థితి మారిపోయింది. ఈ-రిక్షా ప్యాకులో మేం వాడేది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు. సెల్‌కి 3.2 వోల్టులు, పదహారు సిరీస్‌లో పెడితే 51.2. బజారులో దాన్నే 48 వోల్టుల ప్యాకు అంటారు. నా ప్రోగ్రామ్ ఆ పదహారు సెల్‌లకూ విడివిడిగా ఉష్ణోగ్రత లెక్కకట్టదు. ప్యాకు మధ్యలో ఎక్కువ వేడెక్కే ఒక్క చోటునే లెక్కకట్టి, దానికి సరిపడా సందు ఇవ్వమంటుంది. ఉల్లంఘన జరిగిందనాలంటే క్లెయిమ్‌లోని ప్రతి అంశమూ మన దాంట్లో ఉండాలి. ఒక్కటి లేకపోయినా అక్షరార్థంలో ఉల్లంఘన కాదు.

అయితే అమెరికాలో ఇంకో మెలిక ఉంది. అక్షరాలా లేకపోయినా, దాదాపు అదే పనిని దాదాపు అదే దారిలో చేసి దాదాపు అదే ఫలితం తెస్తే సమానమే అనే సిద్ధాంతం. 'ఒక చోటు లెక్కకట్టినా, పదహారు చోట్ల లెక్కకట్టినా పనొకటే' అని అవతలివాళ్ళు వాదించవచ్చు. దానికి జవాబు పేటెంట్‌లో దొరకలేదు, దాని ఫైల్‌లో, అంటే దరఖాస్తుదారుకూ పేటెంట్ ఆఫీసుకూ మధ్య నడిచిన ఉత్తరాల్లో దొరికింది. మొదట దరఖాస్తు పెట్టినప్పుడు వాళ్ళ క్లెయిమ్‌లో 'బ్యాటరీ ఉష్ణోగ్రత' అని మాత్రమే ఉంది. ఎగ్జామినర్ పాత పేటెంట్ ఒకటి చూపించి ఇందులో కొత్తేముంది అన్నాడు. అప్పుడు వాళ్ళు దాన్ని 'ప్రతి సెల్ ఉష్ణోగ్రత' అని మార్చి, మాదీ పాతదీ వేరని రాసిచ్చారు. పేటెంట్ దక్కించుకోవడానికి అలా కుదించుకున్నవాళ్ళు, వదిలేసిన భాగాన్ని సమానమనే పేరుతో వెనక్కి లాక్కోవడం చాలా కష్టం. 2002లో ఫెస్టో కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అలా కుదించినప్పుడు ఆ భాగాన్ని వదులుకున్నట్టే ముందు అనుకుంటారు, కాదని చూపించే భారం పేటెంట్ యజమానిదే.

ఈ ఒక్క పేజీ కోసమే నలభై అయిదు వేలూ ఇవ్వొచ్చు. కానీ వాళ్ళు ఫైల్ చరిత్ర చదవడానికి వేరే పన్నెండు వేలు తీసుకున్నారు. నా మొదటి ఫిర్యాదు ఇది. ఫైల్ చరిత్ర చూడకుండా పదాల అర్థం రాయడమంటే దస్తావేజు చూడకుండా పొలం హద్దు చెప్పడమే. అది ప్యాకేజీలో ఉండి తీరాలి. ఈ సర్వీసు కొనేవాళ్ళు మొదటి మెయిల్‌లోనే అడగండి, ధరలో ఫైల్ చరిత్ర కలిసి ఉందా లేదా అని.

'మాడ్యూల్' మీద వాళ్ళు రాసింది చదవడానికి సరదాగా ఉంది. బ్యాటరీ వాళ్ళకు మాడ్యూల్ అంటే కొన్ని సెల్‌లు కలిపి కట్టిన పెట్టె. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు కోడ్‌లో ఒక భాగం. ఈ పేటెంట్ రెండిటి మీదా నడుస్తుంది కాబట్టి అదే మాట రెండు రకాలుగానూ కనిపిస్తుంది, ఒక్కోసారి ఒకే పేరాలో. సిస్టమ్ క్లెయిమ్‌లో 'ఉష్ణోగ్రతను లెక్కించేలా అమర్చిన థర్మల్ మాడ్యూల్' అని ఉంది. లెక్కించేది కాబట్టి అది సాఫ్ట్‌వేరే. అక్కడితో వదిలేసి ఉంటే నేనూ చెప్పగలిగేదాన్ని. ఆవిడ ఇంకో మెట్టు దిగారు. 2015లో విలియమ్సన్ కేసులో 'మాడ్యూల్' అన్నది ఏ నిర్మాణాన్నీ చెప్పని ఖాళీ మాట అని ఫెడరల్ సర్క్యూట్ అంది. అలాంటి మాట వాడి, చేసే పని మాత్రమే చెబితే, ఆ క్లెయిమ్ వివరణలో నిజంగా చూపించిన పద్ధతికీ దానికి సమానమైనవాటికీ మాత్రమే పరిమితమవుతుంది. వివరణలో ఏ పద్ధతీ చూపించకపోతే క్లెయిమే అస్పష్టమని కొట్టేస్తారు. ఆ కేసులో అదే జరిగింది. మాకు అడ్డొచ్చిన పేటెంట్‌లో ఫ్లోచార్ట్ ఉంది, కాబట్టి కొట్టేయరు. కానీ ఆ ఫ్లోచార్ట్ ఒక్కో సెల్ దగ్గరికీ వెళ్ళి లెక్కకట్టే లూప్. మళ్ళీ 'ప్రతి సెల్' దగ్గరికే వచ్చాం. రెండు వేరు వేరు దారుల్లో ఒకే జవాబు రావడం విశాఖ లాయరుకు బాగా నచ్చిందని తర్వాత తెలిసింది.

'ఎట్ లీస్ట్ వన్ ఆఫ్' (కనీసం ఒకటి) గురించి కూడా ఒక మాట. వినియోగదారు నుంచి 'కెపాసిటీ, వోల్టేజీ అండ్ ప్యాకు బరువులో ఎట్ లీస్ట్ వన్' తీసుకోవడం అని క్లెయిమ్‌లో ఉంది. నా ప్రోగ్రామ్ ప్యాకు బరువు అడగదు. 2004లో సూపర్‌గైడ్ అనే కేసులో ఇలాంటి వాక్యానికి మూడిట్లోనూ ఒక్కొక్కటి కావాలని అర్థం చెప్పారు. ఆ లెక్కన మేం బయటపడినట్టే. ఆవిడ మాత్రం "దీన్ని నమ్ముకుని కూర్చోకండి మేడమ్" అన్నారు. తర్వాతి కేసుల్లో ఆ తీర్పును దాని సందర్భానికే పరిమితం చేసినవి ఉన్నాయి. పైగా ఈ పేటెంట్ ఉదాహరణల్లోనే కెపాసిటీ ఒక్కటే ఇచ్చి నడిపినవి ఉన్నాయి. క్లయింటుకు ఇష్టమైన జవాబు చేతిలో ఉండి కూడా అది బలహీనమని రాసిన నివేదికను నేను నమ్ముతాను.

మిగతా మాటలు త్వరగా అయిపోయాయి. 'కంప్రైజింగ్' అంటే ఇవి ఉండాలి, ఇంకేమైనా కూడా ఉండవచ్చు. కాబట్టి మా ప్రోగ్రామ్‌లో అదనంగా జీఎస్టీ బిల్లు ఉందని తప్పించుకోలేం. ఏకవచనంలో రాసింది బహువచనానికీ వర్తిస్తుంది, ఉదాహరణలు పరిమితులు కావు, ఇలాంటివి వివరణ చివర్లో గుంపుగా ఉంటాయి. ఆ పేరాలు చదువుతుంటే గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. వాడుక భాష కోసం ఆయన పోరాటం మొదలైంది మా ఊళ్ళో పాఠాలు చెబుతూనే. ఈ పేటెంట్ల ఇంగ్లీషు చూసి ఉంటే ఆయన ఇంకో ఉద్యమం మొదలుపెట్టేవారు.

మన దేశపు దరఖాస్తు సంగతి నివేదికలో వేరే అధ్యాయం. అమెరికా పేటెంట్ అమెరికాలోనే చెల్లుతుంది. విశాఖ కంపెనీ ఇక్కడి డీలర్లకే అమ్మినంతకాలం అది నేరుగా తగలదు, అక్కడి కొనుగోలుదార్లకు అమ్మితే తగులుతుంది. ఇక్కడి దరఖాస్తు ప్రచురణ అయింది, ఇంకా గ్రాంట్ కాలేదు, అంటే పేటెంట్ ఇవ్వలేదు. గ్రాంట్ అయ్యేదాకా దావా వేయలేరు, కానీ అయ్యాక హక్కులు ప్రచురణ తేదీ నుంచి లెక్కలోకి వస్తాయి. సెక్షన్ 3(కె) ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ దానికదిగా, అల్గారిథమ్, గణిత పద్ధతి ఇక్కడ పేటెంట్‌కి పనికిరావు. అయితే 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ప్రభావం ఉన్న ఆవిష్కరణలో ప్రోగ్రామ్ ఉందన్న ఒక్క కారణంతో కాదనకూడదని అంది. బ్యాటరీ ఎంత వేడెక్కుతుందో లెక్కకట్టి కాగితం మీద డిజైన్ ఇవ్వడం సాంకేతిక ప్రభావమేనా? దీనికి అటూ ఇటూ రెండు వాదనలూ రాసి, గ్రాంట్ అవదని భరోసా పెట్టుకోవద్దని రాశారు. ఇంకో మంచి మాట కూడా రాశారు. పెండింగ్‌లో ఉన్న క్లెయిములు మారతాయి, కాబట్టి ఈ రోజు రాసిన అర్థం రేపటి క్లెయిమ్‌కి సరిపోకపోవచ్చు. అయితే సెక్షన్ 59 ప్రకారం ఇష్టమొచ్చినట్టు పెంచుకునే వీలు లేదు. మార్చిన క్లెయిమ్ పాత క్లెయిమ్ హద్దు దాటి పోకూడదు.

సరిహద్దు ఊరు కాబట్టి మా ఇంట్లో ఒక అనుమానం వచ్చింది. ఒడిశా దరఖాస్తులు కోల్‌కతా పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, పక్కనే ఉన్న పాతపట్నంవి చెన్నై పరిధిలోకి. మరి మాకు ఏది వర్తిస్తుంది? ఏదీ కాదు. ఆ పరిధులు దరఖాస్తు పెట్టడానికే. ఏ ఆఫీసు ఇచ్చినా పేటెంట్ దేశమంతటా చెల్లుతుంది. ఇది అడిగినందుకు వాళ్ళు బిల్లు వేయలేదు.

ఇప్పుడు మిగతా ఫిర్యాదులు. మొదటి డ్రాఫ్ట్‌లో 'కెపాసిటీ' మీద నాలుగు లైన్లు రాసి వదిలేశారు. బ్యాటరీ పని చేసేవాళ్ళెవరైనా ముందు అడిగేది అదే: ఏ కెపాసిటీ? సెల్ మీద ముద్రించిందా, బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కట్ చేసేదాకా నిజంగా వాడుకోగలిగిందా, ఏ కరెంటు దగ్గర కొలిచింది? నిదానంగా లాగితే వచ్చే ఆంపియర్ అవర్లు, ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా లాగితే రావు. పేటెంట్ వివరణలో 'వాడదగిన కెపాసిటీ' అని వేరేగా వాడిన చోట్లు ఉన్నాయి. వాటిని నేనే గుర్తుపెట్టి పంపాను. అదే డ్రాఫ్ట్‌లో మా 51.2 వోల్టుల ప్యాకును లెక్కల్లో 48గా వేశారు. రెండూ సరిచేశారు, విసుక్కోలేదు. కానీ కెమికల్ ఇంజినీర్ ఉన్న సంస్థ పంపే డ్రాఫ్ట్‌లో ఇవి ఉండకూడదు.

ఇంకొకటి, మొదటి పేజీలోనే పెట్టిన రిస్కు మీటర్. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, మధ్యలో ఒక ముల్లు, కింద శాతం. ఆ శాతం ఎలా వచ్చిందంటే 'మా అనుభవం' అన్నారు. లోపల ప్రతి మాటకూ పేరా నంబరు పెట్టినవాళ్ళు మొదటి పేజీలో ఆధారం లేని అంకె వేయడమేమిటి? అది చూసి అన్నయ్య రెండు రోజులు టెన్షన్ పడ్డాడు. తీసేయమంటే తీసేశారు. కొనేవాళ్ళు ముందే వద్దనండి.

ఉచితంగా ఎంతవరకు చేసుకోవచ్చంటే, చాలావరకు చేసుకోవచ్చు. పేటెంట్ చదవడానికి గూగుల్ పేటెంట్స్ హాయిగా ఉంటుంది. అందులో చూపించే 'అమల్లో ఉంది, లేదు' అనేది ఊహేనని, చట్టపరమైన నిర్ధారణ కాదని వాళ్ళే రాస్తారు, అది గుర్తుంచుకోండి. అమెరికా ఫైల్ చరిత్ర అక్కడి పేటెంట్ ఆఫీసు వారి పేటెంట్ సెంటర్‌లో, మన దేశపు దరఖాస్తు పత్రాలు, ఎగ్జామినేషన్ రిపోర్టు మన పేటెంట్ ఆఫీసు వారి వెతుకులాట సైటు ఇన్‌పాస్‌లో ఉచితంగా దొరుకుతాయి. నేను అవన్నీ దింపుకుని పెట్టుకున్నాకే వీళ్ళ దగ్గరికి వెళ్ళాను, అందుకే కాల్స్‌లో అర్థవంతంగా అడగగలిగాను. ఒక చాట్‌బాట్‌నీ అడిగి చూశాను. 'సిమ్యులేట్'కి నిఘంటువు అర్థం చక్కగా చెప్పింది, పట్టిక గురించి ఉన్న వాక్యం దాని జవాబులో లేదు. క్లెయిమ్ ఒక్కటే అతికిస్తే అంతకన్నా రాదు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. పేటెంట్ ఏజెంట్ పేటెంట్ ఆఫీసు ముందు పని చేయగలరు, కోర్టులో వాదించలేరు. దావా దాకా వెళ్ళే ప్రమాదం ఉన్నవాళ్ళు నివేదికను ఒక అడ్వకేటుతో కూడా చూపించుకోవాలి. మాకైతే విశాఖ కంపెనీ లాయరే చదివాడు. ప్రోగ్రామ్‌లో ఎప్పటికీ సెల్ సెల్‌కీ విడిగా ఉష్ణోగ్రత లెక్క పెట్టబోనని ఒక షరతు రాయించుకుని సంతకం పెట్టించాడు. నాకూ అది అవసరం లేదు. మే నెలలో మా షెడ్డులో ప్యాకు మధ్యనే కాలుతుంది, ఆ ఒక్క చోటు తెలిస్తే చాలు.

వీళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్తానా అంటే, వెళ్తాను. ఇండియా దరఖాస్తు గ్రాంట్ అయితే, మారిన క్లెయిములకు నివేదిక తిరగరాయడానికి సగం ధర అన్నారు, ఫైల్ చరిత్రతో కలిపి. ఆ మాట మెయిల్‌లో రాయించుకున్నాను.